అమ్మమ్మ ఫోనొచ్చే వేళకి

శనివారం ఉదయం 9 గంటలకి ఇక్కడ ఆస్టిన్‌లో మా అమ్మ వీడియో కాల్ మోగుతుంది. వేసవిలో అప్పటికి తెనాలిలో రాత్రి 7:30. వంట ముగించుకుని, సీరియల్ మొదలయ్యేలోపు మనవరాల్ని చూసుకోవాలని ఆవిడ ఆత్రం. మా అమ్మాయికి 20 ఏళ్లు. కాలేజీ సెలవులకి ఇంటికొస్తే సోఫాలో దాని దర్బారు చూడాలి: ఒళ్లో లాప్‌టాప్, చేతిలో ఫోన్, ఒక చెవిలో ఇయర్‌బడ్, ఎదురుగా టీవీలో ఎప్పుడో చూసేసిన సిరీస్.

"ఏం తిన్నావే అమ్మడూ?" అంది అమ్మ.

"బాగున్నా అమ్మమ్మా."

అమ్మ నవ్వేసింది గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

ఫోన్ పెట్టగానే దండకం అందుకున్నాను. ఒకేసారి రకరకాల మీడియాతో ఎక్కువగా గడిపే విద్యార్థులు అక్కర్లేనివాటిని పక్కన పెట్టలేకపోతున్నారని, ఒక పని నుంచి ఇంకో పనికి మారడంలోనూ వెనకబడ్డారని 2009లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు తేల్చిన సంగతి చెప్పాను. అది అప్పటికప్పుడు వెతికి (ఆ ఫోన్‌లోనే!), తర్వాతి ప్రయోగాలు కొన్నింటిలో అంత తేడా కనబడలేదని చూపించింది. నిజమే. అక్కడితో ఆగిందా? "మరి మీ అవధానులో?" అంది. ఉగాదికి అష్టావధానానికి తీసుకెళ్లింది నేనే. చుట్టూ ప్రశ్నలడిగే పృచ్ఛకులు, మధ్యలో మోగే గంటల లెక్క, అప్రస్తుత ప్రసంగం చేసేవాడి అడ్డు ప్రశ్నలు. "అవి నోటిఫికేషన్లే కదమ్మా!"

"అవధాని చివర్లో పద్యాలన్నీ అప్పజెబుతాడే. అమ్మమ్మ ఇందాక నిన్నేం అడిగింది?"

కాసేపు మాట్లాడలేదు. "ఇంగ్లీషైతే సగం విన్నా అర్థమైపోతుంది. తెలుగు మొత్తం వినాలమ్మా," అంది.

నేను దాన్ని మర్యాద తెలియని పిల్ల అనుకుంటున్నాను ఇన్నాళ్లూ! నాకేమో పోపు వేస్తూ కూడా తెలుగు వినబడుతుంది. ఆఫీసు మీటింగులో ఇంగ్లీషుకే చెవులు రిక్కించాలి. దానికి తిరగేసి. నాలుగు తెరలు పోటీ పడితే ముందు ఓడిపోయేది అమ్మమ్మ మాటే.

మరుసటి శనివారం చెప్పకుండానే ఇయర్‌బడ్ తీసింది. టీవీ ఆపలేదు గానీ సౌండ్ తగ్గించింది. "అమ్మమ్మా, ఇవాళ ఏం వండావు?" అని తనే అడిగింది.

జవాబు లేదు. అమ్మ చూపు ఫోన్ పైనుంచి ఎటో ఉంది. వెనకాల సీరియల్ పాట మొదలైంది.