సామి కూచున్న చోటు

శుక్రవారం పొద్దున మా కడప పాత వీధుల్లో నడిస్తే ప్రతి వాకిట్లోనూ ఒకటే పని జరుగుతుంటుంది. చెంబెడు నీళ్లతో గడప కడుగుతారు, తడి ఆరకముందే పసుపు పూస్తారు, మీద కుంకుమ బొట్లు పెడతారు, ముగ్గుపిండితో రెండు గీతలు లాగుతారు. కొయ్య గడపైనా, ఎర్రగుంట్ల నాపరాయి గడపైనా అంతే. నల్లబండ మీద పసుపు పడితే మాత్రం ఆ మెరుపే వేరు! దీనికి మంత్రం లేదు, అయ్యవారు అక్కరలేదు. అందుకేనేమో చాలామంది దీన్ని పూజల లెక్కలోనే వేసుకోరు.

నాకైతే రాయలసీమ భక్తికి మొదలు అక్కడే అనిపిస్తుంది. అహోబిలం, కదిరి, పెన్నహోబిలం లాంటి నరసింహస్వామి క్షేత్రాలున్న నేల మనది. నరసింహులు అన్న పేరు లేని ఊరు సీమలో దొరకడం కష్టం. ఆ సామి కథ చిన్నప్పటి నుంచీ వింటున్నదే. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు, ఇంట్లో కూడదు, బయట కూడదు అని హిరణ్యకశిపుడు వరం అడిగాడు. సామి సందెవేళ వచ్చి, గడప మీద కూర్చుని, వాణ్ణి తొడమీద వేసుకున్నాడు. మనకు ఆ గోళ్లు, ఆ గర్జన గుర్తుండిపోతాయి. ప్రహ్లాదుడి కోసం దేవుడు గరుడుడినెక్కి దిగిరాలేదన్న సంగతి అంతగా పట్టదు. ఆ ఇంటి స్తంభంలోంచే వచ్చాడు, ఆ ఇంటి గడప మీదే కూర్చున్నాడు. మనం రోజూ ఆనుకునేది ఒకటి, రోజూ దాటిపోయేది ఒకటి.

"అసురసంధ్యలో గడప మీద కూచోవద్దు నాయనా, అది సామి కూచున్న చోటు" అని మా జేజి కేకలేసేది. అప్పుడు ఆ మాటకు భయమేసేది. ఇప్పుడు అదే మాట తలుచుకుంటే గుండె దిటవవుతుంది.

వానలు మొహం చాటేసిన ఏడు కూడా ఆ చెంబెడు నీళ్లు గడపకు దక్కుతాయి. శెనక్కాయల పెట్టుబడికి బ్యాంకులో పెట్టిన బంగారం, బిడ్డ కాలేజీ ఫీజు, బెంగళూరు నుంచి ఫోన్ చేయని కొడుకు, ఇన్ని తలలో పెట్టుకునే ఆ ఇల్లాలు గడప దగ్గర వంగుతుంది. పసుపు పూసినందుకు ఇందులో ఒక్కటీ తీరదు. కానీ ఆ కాసేపు చెయ్యి చల్లని రాతిని తాకుతుంది, చూపు ఒకచోట నిలుస్తుంది. లేచాక స్టవ్ వెలిగించే ఓపిక వస్తుంది. భక్తి నుంచి ఇంతకు మించి నేనైతే ఏమీ అడగను.

ఈమధ్య గడపలకు పసుపురంగు పెయింట్ వేయించి, ముగ్గు స్టిక్కర్లు అంటించి చేతులు దులుపుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను నేనేమీ అనను. అయితే పసుపులో నాకు నచ్చేది అది చెరిగిపోవడమే. పిల్లల పాదాలకంటుకుని నట్టింట్లోకి పోతుంది, వారం తిరిగేసరికి మరక కూడా మిగలదు. చెరిగిందని మళ్లీ వంగుతాం.

ఇక ఊరందరికీ ఉన్న గడప దేవుని కడప గుడి, తిరుమల కొండకు గడప అని దానికి పేరు. లక్ష్మీ వేంకటేశ్వరుణ్ణి కృపాచార్యులు ప్రతిష్ఠించారని స్థలపురాణం. తిరుమల ఇక్కడికి సుమారు 140 కిలోమీటర్లు. కొండకు పోయేవాళ్లు ముందు ఈ సామిని చూసుకుని కదలడం పాత ఆనవాయితీ. మాఘమాసంలో రథసప్తమినాడు తేరు లాగుతారు, ఆ సందడి చెప్పనక్కరలేదు. నాకు ఉగాది ఇంకా ఇష్టం. ఆరోజు ముస్లిం కుటుంబాలు గుడికొచ్చి వరుసలో నిలబడతాయి. బీబీ నాంచారమ్మ వాళ్లింటి ఆడబిడ్డ, వేంకటేశ్వరుడు అల్లుడు. పండగపూట కూతురినీ అల్లుణ్ణీ చూసిపోవడానికి టెంకాయలు పట్టుకుని వస్తారు. మతసామరస్యమని పత్రికలు రాస్తాయి, రాయనీండి. వరుసలో ఉన్నవాళ్లు మాట్లాడుకునేవి ఇంటి మాటలే. పసిబిడ్డను సామి ముందు ఎత్తి పట్టుకునే తండ్రి, ముసలమ్మను చెయ్యి పట్టి నడిపించే మనవడు, గడప తాకి కళ్లకద్దుకునే కోడలు.

ఉగాదికి కడపలో ఉంటే పొద్దున్నే పోండి. ఎండ ముదిరితే గుడి బండల మీద కాలు పెట్టలేం.