తొమ్మిదో రోజు రాత్రి

సైనస్ ఇన్ఫెక్షన్ మొన్నటికి పూర్తిగా తగ్గింది. ఇప్పుడు కుదురుగా కూర్చుని రాయగలుగుతున్నాను.

జలుబు మొదలైన మూడో రోజే వీధి చివరి క్లినిక్‌కి వెళ్లాను. చీమిడి పచ్చగా వస్తోందనగానే అజిత్రోమైసిన్ 500 అనే యాంటీబయాటిక్ మూడు మాత్రలు రాసిచ్చారు. ఆరో రోజుకి తేలికపడింది. మాత్రల మహిమే అనుకున్నాం. ఎనిమిదో రోజు మళ్లీ జ్వరం, కుడి బుగ్గలో పోటు.

తొమ్మిదో రోజు రాత్రి మర్చిపోలేను. పై వరస పళ్లు మూడు ఒకేసారి సలుపు. నీళ్ల చెంబు తీసుకుందామని వంగితే ముఖమంతా ముందుకు జారిపోయేంత బరువు. సైనస్ కంటికి పాకుతుందని ఎప్పుడో విన్నాను. మూడింటికి లేచి, బాత్‌రూమ్ అద్దం ముందు ఫోన్ టార్చ్ వేసుకుని, రెప్ప వాచిందా అని రెండు కళ్లూ మార్చి మార్చి చూసుకున్నాను. అమ్మ వెనకాలే నిలబడి, "ఏం కాదులే తల్లీ, ఉజ్జయిని మహంకాళమ్మ ఉంది" అంటూ వీపు నిమిరింది.

తెల్లారి అదే క్లినిక్. మళ్లీ అదే అజిత్రో, ఈసారి ఐదు రోజులకి. "మొదటిసారి అసలు అవసరమేనా సార్?" అనడిగాను. "యాంటీబయాటిక్ రాయకపోతే మీరే ఇంకో డాక్టర్ దగ్గరికి పోతారమ్మా" అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ కడుపు మండుతుంది. నేను చేజారకుండా రాసిచ్చిన మందన్నమాట అది.

ఆ చీటీ మడిచి బ్యాగులో పెట్టుకుని బస్తీ దవాఖానాకి నడిచాను. అక్కడి డాక్టరమ్మది చిన్న వయసే. ఎన్ని రోజులైంది, మధ్యలో తగ్గి మళ్లీ పెరిగిందా, పెన్సిలిన్ పడదా అని అడిగారు. వేలు అటూ ఇటూ కదుపుతూ కళ్లతోనే చూడమన్నారు. జలుబుతో వచ్చే సైనస్ చాలావరకు వైరస్ వల్లేనట, చీమిడి రంగు చూసి బాక్టీరియా అని చెప్పలేమట. పది రోజులైనా తగ్గకపోతేనో, తగ్గినట్టే తగ్గి తిరగబెడితేనో అనుమానించాలట. నాది తిరగబెట్టిందే. ఈ బాక్టీరియాలు అజిత్రోకి సరిగ్గా లొంగడం లేదని చెప్పి, అమాక్సిసిలిన్-క్లావులనేట్ 625 అనే వేరే యాంటీబయాటిక్ ఏడు రోజులకి రాశారు. "అన్నం తిన్నాకే వేసుకోండి. కన్ను వాచినా, ఒకటి రెండుగా కనపడినా, మెడ పట్టేసినా ఆగొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లిపోండి" అని రెండుసార్లు చెప్పారు.

రెండు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి, పెరుగన్నంతో నెట్టుకొచ్చాను. ఆ మందు మొదలెట్టిన మూడో రోజు రాత్రి కుడిబుగ్గ దిండుకి ఆనించి నిద్రపోయాను. ఆ డాక్టరమ్మ చల్లగా ఉండాలి.

నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, జలుబు పట్టేసింది. నువ్వు వాడిన మాత్ర పేరేంటి?"

"ఎన్నో రోజురా?"

"మూడోది."

పేరు చెప్పలేదు. కాచి చల్లార్చిన ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కోమని, తగ్గి తిరగబెడితే మాత్రం అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యమని చెప్పాను.