మాసీ డైనమో మళ్లీ చార్జింగ్ ఎక్కింది

మా నాయన గానుగకు చెరకు తోలిన పాత మాసీ 1035 ట్రాక్టరును పూతలపట్టు దగ్గర మా షెడ్డులో బాగుచేస్తున్నాను. ఇంజిన్ పోయిన నెలే పలికింది, బ్యాటరీకి చార్జింగ్ మాత్రం లేదు. ఎంత రేజ్ చేసినా, చార్జింగ్ లేదని చెప్పే ఎర్ర లైటు ఆరదు. చూసినవాళ్లంతా బ్యాటరీని చార్జ్ చేసే డైనమో పీకేసి, అదే పని చేసే కొత్తరకం ఆల్టర్నేటర్ వేసుకోమన్నారు. నాకు మనసొప్పలేదు.

బెల్టు బాగానే ఉంది. లూకాస్ డైనమోకు వెనక రెండు టెర్మినల్స్: పెద్దది డి (కరెంటు బయటికొచ్చేది), చిన్నది ఎఫ్ (లోపల అయస్కాంతం పుట్టించే చుట్టకు వెళ్లేది). రెండు వైర్లూ తీసి, డికీ బాడీకీ మీటర్ పెట్టి కాస్త రేజ్ చేస్తే ఒకటిన్నర నుంచి 3 వోల్టులు రావాలి. లోపలి ఇనుములో మిగిలిన అయస్కాంతమే ఆ మాత్రం పుట్టిస్తుంది. నాకు సున్నా.

ఆదివారం విప్పాను. రెండు పొడవాటి బోల్టులు తీస్తే వెనక మూత బ్రష్‌లతో (కరెంటు అందుకునే బొగ్గు ముక్కలు) సహా వచ్చేసింది. ఒక బ్రష్ మసి పట్టి గూట్లోనే బిగుసుకుపోయింది, అది రాసుకోవాల్సిన రాగి రేకుల కమ్యుటేటర్‌ను తాకడమే లేదు. పెట్రోల్ గుడ్డతో తుడిచి, అది తనంతట తాను జారేదాకా వదల్లేదు. కమ్యుటేటర్ తారులా నల్లబడింది. సన్న ఉప్పుకాగితం పట్టీలా చుట్టి ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) తిప్పుతుంటే తోమిన చెంబులా రాగి బయటపడింది. ఎమరీ కాగితం మాత్రం వాడొద్దు, దాని పొడి రేకుల సందుల్లో చేరి షార్ట్ చేస్తుంది. ఆ సందుల్లోని అభ్రకాన్ని హాక్సా బ్లేడు ముక్కతో ముప్పావు మిల్లీమీటరు లోతుకు గీరడానికి రెండు గంటలు పట్టింది. నడుం పట్టేసినా ఇక్కడ తొందరపడకూడదు. అభ్రకం పైకి తేలితే బ్రష్‌లు ఎగిరెగిరి త్వరగా అరిగిపోతాయి.

బిగించి చూస్తే 0.3 వోల్టు. ఏళ్లతరబడి నిలిపేసరికి అయస్కాంతం పోయిందన్నమాట. మాది నెగటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్ బాడీకి కలిపి ఉంటుంది. ఇంజిన్ ఆపి, ఎఫ్ వైరు తీసే ఉంచి, బ్యాటరీ పాజిటివ్ నుంచి తెచ్చిన వైరును ఎఫ్‌కు రెండు మూడుసార్లు తాకించాను. చిటుక్కున నిప్పురవ్వ. పాజిటివ్ ఎర్త్ బండికైతే నెగటివ్ తాకించాలి, ఇది మరవొద్దు. ఈసారి 2.1 వచ్చింది! డి, ఎఫ్ కలిపితే ఐడ్లింగ్ కాస్త దాటగానే 15 దాటింది. ఇలా కలిపినప్పుడు వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ అదుపు ఉండదు, 20 దాటనివ్వకూడదు.

వైర్లు తగిలించి రేజ్ చేస్తే ఎర్ర లైటు ఆరింది. నాయన గుమ్మంలో నిలబడి ఆ లైటునే చూస్తున్నాడు. "ఇంకోసారి రేజ్ చెయ్యరా" అన్నాడు. బ్యాటరీ మీద 14.1. ఐడ్లింగ్‌లో లైటు సన్నగా వెలుగుతుంది, డైనమోకు అది మామూలే.

డైనమో వెనక బుష్ (ఇరుసు తిరిగే గొట్టం) కొంచెం లూజు. ఆయిల్ రంధ్రంలో రెండు చుక్కలు వేశాను. వచ్చే వారం చిత్తూరు లేత్ షాపులో కొత్త బుష్ కొట్టించాలి.