ఎండాకాలంలో మా ఇంటి టి. రెక్స్ ఎందుకు పడిపోతుంది

కర్నూలులో రోహిణి కార్తె వచ్చిందంటే రోళ్లు పగలడం సంగతి తర్వాత, మా ఇంట్లో ముందు కూలబడేది టి. రెక్స్ అనే డైనోసార్ బొమ్మ. పడమటి గోడ గూట్లో పొద్దున బాగానే నిలబడి ఉంటుంది. మధ్యాహ్నానికి చీలమండల దగ్గర వంగడం మొదలు. నేను మెడికల్ షాపు మూసి ఇంటికొచ్చేసరికి పక్కనున్న స్టెగోసారస్ వీపు మీద వాలిపోయి ఉంటుంది. ట్రైసెరాటాప్స్‌కు మాత్రం ఏ ఢోకా లేదు. నాలుగు కాళ్లున్నదానికి టెన్షన్ ఏముంటుంది?

ఖరీదైన బొమ్మలకూ ఇదే గతి. ఇవి చాలావరకు పి.వి.సి.తో చేసినవి. ఆ ప్లాస్టిక్ పెళుసుగా ఉండకుండా అందులో మెత్తబరిచే రసాయనం కలుపుతారు. వేడి తగిలితే మరింత మెత్తబడుతుంది. అంత తల, అంత ఒళ్లు, బరువంతా రెండు సన్నటి చీలమండల మీద. మన ఎండకు ఎన్నాళ్లు ఆగుతాయి?

అసలు జంతువు పడిపోలేదు కదా అంటే, దానికి తోక ఉంది. సుమారు 12 మీటర్ల పొడవున్న జంతువు, ముందువైపు తల ఎంత బరువో వెనక తోక అంత బరువుగా పైకి లేపి, ఒంటిని నేలకు సమాంతరంగా పట్టుకుని నడిచేది. పాత బొమ్మల్లో ఇది కనిపించదు. మావాడు చిన్నప్పుడు ఎగ్జిబిషన్‌లో కొనిపించుకున్నది చూడండి, తోక నేలకానించి ముక్కాలి పీటలా కూర్చుంది. ఎన్ని ఎండాకాలాలు వచ్చినా కదల్లేదు. బొమ్మల వాళ్లనీ తప్పుపట్టలేం. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో 1915లో టి. రెక్స్ అస్థిపంజరాన్ని నిలబెట్టింది కూడా అలాగే, తోక ఈడుస్తూ నిటారుగా. 1990లలో గానీ దాన్ని విప్పి సరైన భంగిమలో బిగించలేదు. అందుకే నా గూట్లో తప్పుగా చేసినది గట్టిగా నిలబడుతుంది, ఒప్పుగా చేసినది పడిపోతుంది.

పడిపోయినదాన్ని లేపడం కష్టమేం కాదు. గిన్నెలో నీళ్లు బాగా కాగాక స్టవ్ మీద నుంచి దించేసి, బొమ్మను మోకాళ్ల దాకా ముంచి కాసేపు ఉంచాలి. కాలు మెత్తబడ్డాక వేళ్లతో మెల్లగా నిటారుగా తిప్పి, అలాగే పట్టుకుని ఫ్రిజ్‌లోని చల్లనీళ్లలో దించాలి. ప్లాస్టిక్ బిగుసుకునేదాకా చెయ్యి తీయకూడదు. మా అత్తమ్మ ఇది చూసినప్పుడల్లా, "ఏమ్మా, బాలింతకు పోసినట్టు ఆ బల్లికి నీళ్లు పోస్తావుండావే" అంటుంది. మావాడు ఇంజనీరింగ్‌కు హాస్టల్‌కు పోయాక ఈ బల్లులకు దిక్కు నేనే.

గూటి పలకలు కడప బండలు. ఇల్లు కట్టినప్పుడు ఎవరింట్లోనైనా వేసేవే. డైనోసార్లు పుట్టింది సుమారు 23 కోట్ల ఏళ్ల కింద, పోయింది 6.6 కోట్ల ఏళ్ల కింద. వాటి కాళ్ల కింద ఉన్న ఈ బండకు 50 కోట్ల ఏళ్లు దాటాయి. ఎముకలున్న ప్రాణి ఏదీ లేని కాలపు సముద్రంలో పేరుకున్న బురద అది. ఈ నాపరాళ్ల గనుల్లో ఎంత తవ్వినా డైనోసార్ దొరకదు. మనకు దగ్గర్లో కావాలంటే గోదావరి లోయకు పోవాలి. యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది, చూడనివాళ్లు చూడండి. మా ఉమ్మడి కర్నూలు జిల్లాకు దక్కింది వేరే గౌరవం. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ తవ్విస్తే బోలెడు జంతువుల ఎముకలు బయటపడ్డాయి. అందులో ఒక ఖడ్గమృగానికి మా ఊరి పేరే పెట్టారు, రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని. డైనోసార్ కాకపోయినా గూటి చివర ఒక ఖడ్గమృగాన్ని నిలబెట్టాను. ఊరిది కదా.

బొమ్మ కొనేటప్పుడు చాలామంది పళ్లు చూస్తారు. నేను చేతులు, పాదాలు చూస్తాను. టి. రెక్స్‌కు చేతికి రెండే వేళ్లు. సంచీలో కిలోల లెక్కన వచ్చే బొమ్మలకు మూడుంటాయి, ఒక్కోసారి నాలుగు. అరచేతులు నేలవైపు వేలాడుతుంటే అదీ తప్పే, అవి ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. ఇక పొడుగు మెడ వాటి ముందు పాదాలైతే మరీ ఘోరం, ఏనుగు కాలికి గోళ్లున్నట్టు వరసగా అయిదు చెక్కుతారు. డిప్లొడోకస్ లాంటి వాటికి ముందు పాదంలో బొటనవేలికి ఒక్కటే గోరు. మన దేశంలో తిరిగిన టైటనోసార్లకు అదీ లేదు. వేళ్లు కూడా దాదాపు అరిగిపోయి, నిలువు ఎముకల మీద స్తంభంలా నిలబడేవి.

ఈ సంగతి తెలిశాకే ఒక పని మొదలుపెట్టాను. మహారాష్ట్రలోని డోంగర్‌గావ్‌లో దొరికిన ఐసీసారస్ అనే టైటనోసార్ బొమ్మ నాకెక్కడా కనబడలేదు. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐ.ఎస్.ఐ.) పేరు మీద ఆ పేరు వచ్చింది. సరే, మనమే చేద్దామని సంచీ బొమ్మల్లో ఒక పొడుగు మెడదాన్ని తీసుకున్నాను. బ్లేడు వేడిచేసి ముందు పాదాల గోళ్లు ఒక్కొక్కటే కోసేశాను. కోసిన చోట గరుకు కాగితంతో రుద్దితే తెల్లటి పొడి రాలుతుంది. దాని ముందు కాళ్లు పొడుగ్గా ఉండాలి కాబట్టి మోకాలి కింద కోసి, మధ్యలో సన్నటి తీగ దూర్చి, చుట్టూ ఎం-సీల్ అద్దాను. కడుపు కింద 'చైనా' అని ఉన్న అచ్చును కూడా దాంతోనే పూడ్చేశాను.

మిగిలింది రంగు. కొన్ని డైనోసార్లకే శిలాజంలో రంగు ఆనవాళ్లు దొరికాయి. అందులో సైనోసారోప్టెరిక్స్ అనే ఈకల డైనోసార్ ఒకటి, దాని తోకకు ఇటుక రంగు చారలుండేవని 2010లో తేల్చారు. ఐసీసారస్‌కు దొరికినవి ఎముకలే కాబట్టి ఏ రంగేసినా అడిగేవాడు లేడు. పక్కింటి పిల్లోడు పచ్చరంగే వేయాలని పట్టుబట్టాడు. అత్తమ్మ మాత్రం, "అంత ఒళ్లుండేది, గడ్డీ గాదం తినేది, బర్రె రంగు గాక ఇంగేముంటాది" అంది. నాకూ అదే సబబనిపించి బర్రె రంగే వేశాను.