తలకిందులుగా పట్టుకున్న ఇసుకరాయి

మూడు వారాలుగా ఒకే ఇసుకరాయి పలకతో కుస్తీ పడుతున్నాను. జానెడు పొడవు, రెండు వేళ్ల మందం. ఒక వైపు అలల ముడతలు, రెండో వైపు ఉబ్బెత్తు గీతలు.

ముందు మెత్తటి బ్రష్‌తో కడిగి ఆరబెట్టాను. గది చీకటి చేసి టార్చిని పక్క నుంచి, దాదాపు రాతికి ఆనించి వేస్తే నీడలు పడి చిన్న ముడత కూడా తేలింది. మెత్తని తీగను ముడతలకు అడ్డంగా అదిమి, ఆ వంపును కాగితం మీద గీసుకున్నాను. శిఖరం నుంచి శిఖరానికి 4 సెంటీమీటర్లు, రెండు వాలులూ సమానం. ఒక వాలు నిటారుగా ఉంటే ప్రవాహం అటువైపు సాగిందని అర్థం. ఇక్కడ నీళ్లు ముందుకూ వెనక్కూ ఊగాయి, అంటే అలలు.

ఉబ్బెత్తు గీతల దగ్గరే పొరబడ్డాను. వాటిని పురుగులు పాకిన జాడలనుకుని, ఆ వైపే పైభాగమని నోట్సులో రాసేశాను. కానీ ఆ గీతలు ఒకదానితో ఒకటి కలిసి ఐదారు మూలల గళ్లు కడుతున్నాయి. పాకే పురుగు అలా గళ్లు కట్టదు కదా!

అనుమానం తీర్చుకోవడానికి ట్రేలో 3 సెంటీమీటర్ల మందాన బంకమట్టి బురద పోసి ఎండబెట్టాను. ఐదో రోజుకు నెర్రెలు విచ్చింది. పైన సన్న ఇసుక పోసి, జిగురు నీళ్లు చల్లి గట్టిపడ్డాక తిరగేసి మట్టి కడిగేశాను. ఇసుక అడుగున అచ్చం అవే గళ్లు! నెర్రె కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి అందులో నిండిన ఇసుక అంచు కూడా కిందికే మొనదేలింది. రాతి మీద గీతలూ అంతే. అంటే ఆ వైపు పైభాగం కాదు, అడుగుభాగం. ఆ సంతోషం చెప్పలేను.

నీటి అడుగున కూడా బంకమట్టి కుంచించుకుని పగులుతుంది. అయితే ఆ పగుళ్లు ఎక్కువగా విడివిడిగా ఉంటాయి, ఇలా పూర్తి గళ్లు కట్టడం అరుదు. కాబట్టి ఇక్కడ బురద గాలికి ఎండింది, తర్వాత నీళ్లు ఇసుకతో తిరిగొచ్చాయి, ఆ ఇసుక మీద అలలు ఆడాయి. రెండు వేళ్ల మందంలో ఇంత కథ!

అలలు ఏ దిక్కు నుంచి వచ్చాయో మాత్రం ఈ పలక చెప్పదు, ఎందుకంటే ఇది విడిగా పడి ఉండగా దొరికింది. ఇకపై పొరలో ఉన్న రాయిని కదిపే ముందే మార్కర్‌తో పైవైపు గుర్తు, ఉత్తరం బాణం గీసి ఫొటో తీస్తాను. తర్వాతి రాయిలో ఏటవాలు పొరలున్నాయి. కోణమానిని సిద్ధం చేసుకున్నాను.