48.6 సెంటీమీటర్లు

సంచికకు ఏదైనా రాయమంటే చాలామంది ఆటల పోటీల గురించో, వీడ్కోలు రోజు గురించో రాస్తారు. నేను ఒక దొంగలెక్క గురించి రాస్తున్నాను. ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకుంటే ఎవరూ మార్కులు కోయరు కదా.

ఆ రోజు ల్యాబ్‌లో అనునాద స్తంభం ప్రయోగం. గాలిలో ధ్వని వేగం కనుక్కోవాలి. పొడవాటి జాడీ నిండా నీళ్లు, అందులో నిలువుగా దింపిన గాజు గొట్టం, 512 హెర్ట్జ్ శృతిదండం, అంటే కొడితే సెకనుకు 512 సార్లు ఊగే లోహపు చీలిక. దండాన్ని రబ్బరు ముక్క మీద కొట్టి గొట్టం మూతికి పైన పట్టుకుంటాను, జతగాడు గొట్టాన్ని మెల్లగా పైకి లేపుతుంటాడు. మొదట్లో దండం మూలుగు వినీ వినపడనట్టు ఉంటుంది. లేపగా లేపగా ఒకచోట గొట్టం ఉన్నట్టుండి గొంతు విప్పి "హూం" అంటుంది. కాస్త దాటామా, మళ్లీ నీరసం. ఆ చోటు కోసం పదిసార్లు పైకీ కిందికీ జరిపించేసరికి పాపం వాడి చేతులు పడిపోయాయి.

నీటిని ఆనుకున్న గాలికి ఊగడానికి చోటు లేదు, మూతి దగ్గరి గాలికి బోలెడంత చోటు. ఈ రెంటి మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో (ఒక్క ఊపు కాలంలో ధ్వని సాగే దూరంలో) పావు వంతైతే మొదటి హూంకారం, ముప్పావైతే రెండోది. తరంగదైర్ఘ్యాన్ని 512తో గుణిస్తే వేగం.

మొదటిది 16.2 సెంటీమీటర్ల దగ్గర వచ్చింది. ఆత్రం కొద్దీ నాలుగుతో, 512తో గుణించాను. సెకనుకు 331.8 మీటర్లు! పుస్తకంలో ఉన్నది 331. ఇంకేం, గెలిచేశాం. రెండోది 50.3 దగ్గర వచ్చింది. పద్ధతి ప్రకారం రెంటి తేడా తీసి, రెట్టింపు చేసి, 512తో గుణిస్తే 349.2 అయింది. పుస్తకం తప్పవుతుందా? రబ్బరు తీసుకుని 50.3 చెరిపేసి, 48.6 అని రాశాను. వేగం మళ్లీ 331.8.

మాస్టారు రికార్డు తెరిచి జవాబు వైపే చూడలేదు. రెండు పొడవుల మీద వేలు పెట్టారు. "పదహారూ పాయింట్ రెండు, నలభై ఎనిమిదీ పాయింట్ ఆరు. సరిగ్గా మూడింతలు. ఏరా, గాలి గీత గీసినట్టు మూతి దగ్గరే ఆగిపోయిందా?"

ఆగదు. ఊగే గాలి మూతి దాటి కాస్త బయటికి వస్తుంది, గొట్టం వ్యాసార్ధంలో సుమారు 0.6 వంతు. మా గొట్టం వెడల్పు 2.8 సెంటీమీటర్లు కాబట్టి 0.84 అన్నమాట. అంటే అసలు పావు 16.2 కాదు, 17 పైచిలుకు. రెండు పొడవుల తేడా తీస్తే ఈ అదనం దానంతటదే కొట్టుకుపోతుంది. రెండు కొలతలు తీసేది అందుకే. అప్పటిదాకా అది మమ్మల్ని విసిగించడానికి పెట్టిన పని అనుకున్నాను.

మరి 349కీ పుస్తకంలోని 331కీ మధ్య మిగిలిన 18? మాస్టారు గోడ మీది థర్మామీటరు చూపించారు. 30 డిగ్రీలు. పుస్తకంలోని 331 సున్నా డిగ్రీల దగ్గరి మాట. డిగ్రీకి సుమారు 0.6 చొప్పున వేగం పెరుగుతుంది. నేను రబ్బరుతో చెరిపింది ఆ గది వేడిని! మొదటి కొలతలోని లోటు, నేను మరిచిన వేడి సరిగ్గా ఒకదానికొకటి సరిపోవడం ఉత్త కాకతాళీయం.

నాకంటే పెద్దవాళ్లూ ఇలాంటి పని చేశారని తర్వాత చదివి కొంచెం తెరిపిన పడ్డాను. న్యూటన్ సిద్ధాంతం ప్రకారం ధ్వని వేగం అసలుదానికంటే తక్కువగా వచ్చింది. గాలి కణాల మందమనీ, గాలిలోని ఆవిరనీ ఏవో కారణాలు చేర్చి ఆయన లెక్క సరిపెట్టాడు. అసలు కారణం 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాప్లాస్ చెప్పాడు: గాలి నొక్కుకుని సడలే వేగానికి అందులో పుట్టిన వేడికి బయటికి పోయే వ్యవధి ఉండదు, అందుకే ధ్వని న్యూటన్ లెక్కకంటే వేగంగా సాగుతుంది.

మాస్టారు సంతకం పెట్టకుండా రికార్డు వెనక్కి ఇచ్చారు. జతగాడు గొణుక్కుంటూనే మళ్లీ గొట్టం పట్టుకున్నాడు. ఈసారి రెండో హూంకారం 50.2 దగ్గర వచ్చింది. వేగం 348.2. అలాగే రాసి ఇచ్చాను.