మకావులో షెవ్రొలే చివరి ఆదివారం

హాంకాంగ్ నుంచి మకావుకు ఇప్పుడైతే సముద్రం మీద వంతెన ఉంది. 2012 నవంబరులో నేను వెళ్లినప్పుడు ఫెర్రీయే దిక్కు. గంట ప్రయాణం. ఆ గంటలో సగంసేపు మా బావ కునికిపాట్లు పడ్డాడు, మిగతా సగం నన్ను దెప్పాడు.

"విమానం ఎక్కి మరీ వచ్చావు. ఫార్ములా వన్‌కి వెళ్లినా ఓ అందం. ఊళ్లో తిరిగే కార్ల పరుగు చూడటానికి ఇంత దూరమా?"

ఊళ్లో తిరిగే కార్లు కాబట్టే వచ్చానని చెబితే వింటాడా! టూరింగ్ కార్ల రేసులో ఉన్న రుచి అదే. మన వీధి చివర ఆగి ఉండే షెవ్రొలే క్రూజ్ రూపమే. లోపల మాత్రం 1.6 లీటర్ల టర్బో ఇంజను, ఒక్క సీటు, చుట్టూ ఇనుప పంజరం. పైగా ఈ రేసుల్లో కార్లు ఒకదానికొకటి రాసుకోకుండా పోవడం అరుదు. తలుపు తలుపు తగిలించుకుంటూ మలుపు తిరుగుతాయి.

నేను బయల్దేరడానికి అసలు కారణం వేరు. ఆ ఏడాది జులైలో షెవ్రొలే ఒక ప్రకటన చేసింది: ప్రపంచ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ నుంచి సీజను చివర ఫ్యాక్టరీ జట్టును, అంటే కంపెనీ సొంత డబ్బుతో నడిపే జట్టును, ఉపసంహరించుకుంటున్నామని. ఓడిపోయి తప్పుకుంటే అర్థం చేసుకోవచ్చు. వీళ్లు 2010, 2011లలో డ్రైవర్ల టైటిలూ, తయారీదారుల టైటిలూ రెండూ గెలిచారు. 2012లో కూడా పోటీ అంతా వాళ్ల ముగ్గురు డ్రైవర్ల మధ్యే: రాబ్ హఫ్, అలన్ మెన్యూ, ఇవాన్ ముల్లర్. ఈ సంగతి చెప్పాక బావ కాస్త లేచి కూర్చున్నాడు.

"పంట ఇంటికొచ్చే వేళకు పొలం వదిలేసే ఆసామి ఎక్కడైనా ఉంటాడా?"

ఉన్నాడు. అతని చివరి కోత చూడటానికే మేం పోతున్నాం.

ఫెర్రీ దిగిన చోటే ట్రాక్ మొదలవుతుంది. ఇది అతిశయోక్తి కాదు, టెర్మినల్ పక్క రోడ్డే గియా సర్క్యూట్‌లో భాగం. 6.12 కిలోమీటర్ల ఊరి రోడ్డును ఇనుప కంచెలతో బిగించి, పైన తీగ వలలు కట్టి, నాలుగు రోజులపాటు రేసులకు అప్పగిస్తారు. 1954 నుంచీ ఇదే తంతు. టాక్సీ కోసం చూస్తే నవ్వారు. పాదచారుల వంతెన ఎక్కి, కింద ఏదో చిన్న రేసు సాగుతుండగా, మా సంచులు భుజాన వేసుకుని ట్రాక్ దాటాం.

శనివారం పొద్దున గియా కొండ ఎక్కాం. పైన 1865 నాటి దీపస్తంభం. కొండ చుట్టూ ఎక్కుతూ దిగుతూ పోయే ఇరుకు రోడ్లు చూస్తే గుండె గుభేలుమంది. కొన్నిచోట్ల వెడల్పు ఏడు మీటర్లే. మెల్కో మలుపు దగ్గర కారు దాదాపు వెనక్కి తిరగాలి. అక్కడ పసుపు జెండా ఊపుతూనే ఉంటారు, ఎవరూ ఎవరినీ దాటకూడదు. గోడలకు నీలం తెలుపు పలకల మీద వీధుల పేర్లు, పోర్చుగీసులోనూ చైనీసులోనూ. వాటి కిందే టైర్ల నల్లటి చారలు. బావ ఒక చారను వేలితో తుడిచి చూసుకున్నాడు. ఆ నలుపు మధ్యాహ్నం గుడ్డు టార్టు తినేటప్పటికీ పోలేదు.

ఆ వారం మకావు అంత ఉల్లాసంగా లేదు కూడా. గురువారం మోటార్‌సైకిల్ క్వాలిఫయింగ్‌లో ఒకరు, శుక్రవారం కార్ల విభాగంలో ఒకరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. టీ తాగేచోట జనం గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు.

ఆదివారం మాకు లిస్బోవా మలుపు దగ్గర చోటు దొరికింది. తిన్నటి దారిలో గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటి వచ్చిన కార్లు ఇక్కడ బ్రేకు తొక్కి కుడివైపు తిరగాలి. చెప్పినంత సులువు కాదు. బ్రేకు పడగానే ముందు చక్రాల లోపల ఎర్రటి వెలుగు, మరుక్షణం కాలిన వాసన. ఆ వాసన ముక్కుకు తగిలేసరికి కారు సాన్ ఫ్రాన్సిస్కో ఎత్తు ఎక్కుతూ ఉంటుంది. ఆపైన మనకు కనిపించదు, తెర మీద చూసుకోవాలి.

మొదటి రేసు అలాగే తెర మీదే తారుమారైంది. ముందున్న హఫ్ కారు కొండ మీద గోడకు కొట్టుకుంది. పక్క వరసలో ఒకాయన రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. ముల్లర్ గెలిచాడు. మూడేళ్ల కిందట జట్టులోకి వచ్చి వరసగా రెండు టైటిళ్లు తీసుకున్న మనిషి, మూడోది కూడా పట్టుకుపోతాడా అనిపించింది.

నాకు మాత్రం హఫ్ గెలవాలని ఉంది. కారణం చెబుతాను. 2005లో షెవ్రొలే లాసెట్టీ కార్లతో ఈ పోటీలోకి వచ్చినప్పుడు జట్టులో ముగ్గురు: నికోలా లారిని, మెన్యూ, హఫ్. మొదట్లో వాళ్లది వెనక వరసే. తొలి గెలుపు 2006లో బ్రాండ్స్ హ్యాచ్‌లో మెన్యూ తెచ్చాడు. కొత్త ఇంటికి మట్టి మోసినవాళ్లకు గృహప్రవేశం రోజునైనా పీట వేయాలి కదా.

రెండో రేసుకు హఫ్ కారు వచ్చింది. మెకానిక్కులు ఏం చేశారో మాకు కనిపించలేదు గానీ, మొదటి రేసులో గోడను కొట్టిన కారు తిన్నగా నడిచింది. లిస్బోవాకు వచ్చిన ప్రతిసారీ బావ వేళ్లు ముడిచేవాడు. దెప్పినవాడే! చివరికి మెన్యూ మొదట, హఫ్ రెండో స్థానంలో గీత దాటారు. సీజను లెక్కలో హఫ్‌కు 413 పాయింట్లు, మెన్యూకు 401, ముల్లర్‌కు 393. మొదటి రోజు నుంచీ ఉన్న ఇద్దరూ చివరి రోజున ఒకటి, రెండు స్థానాల్లో నిలిచారు.

కంపెనీలకు ఈ లెక్కలు పట్టవు, వాటి లెక్క వేరు. ఉపసంహరణ ప్రకటన వచ్చిన జులైలోనే, నెలాఖరున, షెవ్రొలే పేరును మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు చొక్కాల మీద ముద్రించే ఒప్పందం బయటికొచ్చింది. ఏడు సీజన్లకు 55.9 కోట్ల డాలర్లు. ఒకదాని డబ్బు తీసి రెండోదానికి పెట్టారని నేను అనను. చొక్కా మాత్రం గోడను కొట్టుకోదు.

తర్వాతి కథ ఇంకా చిత్రం. ఆ కార్లను నడిపించింది ఆర్‌ఎంఎల్ అనే ఇంగ్లండు జట్టు. ఫ్యాక్టరీ చేయి వదిలినా వాళ్లు 2013లో అవే క్రూజ్‌లతో సొంతంగా దిగారు, ముల్లర్ మళ్లీ చాంపియన్ అయ్యాడు. అదే ఏడాది డిసెంబరులో జనరల్ మోటార్స్ యూరప్‌లో షెవ్రొలే అమ్మకాలకే ముగింపు ప్రకటించింది. ఫోన్‌లో ఈ మాట చెబితే బావ చాలాసేపు నవ్వాడు. "దున్నేవాడు ఉంటే ఆసామి ఎవరైతేనేం" అన్నాడు.

సోమవారం ఉదయం ఫెర్రీకి వెళ్తూ బస్సెక్కాం. కంచెలు కొన్ని అప్పటికే విప్పి రోడ్డు పక్కన పేర్చారు. రేసు కార్లను బాగుచేసే పిట్‌ల వైపు ఒక పెద్ద పెట్టె మూత తెరిచి ఉంది. నీలం చొక్కా వేసుకున్న కుర్రాడు గాలిగొట్టాలను చుట్టలు చుట్టి, ఒక్కో చుట్టకూ తాడు కట్టి అందులో పెడుతున్నాడు. లిస్బోవా దగ్గర మా బస్సు ఎర్ర దీపానికి ఆగింది. కిటికీలోంచి చూస్తే, నిన్న కార్లు బ్రేకు తొక్కిన చోట చారల మీద ఒక ముసలావిడ కూరగాయల సంచీతో రోడ్డు దాటుతోంది.